నేర్పే ఖర్చు జీతంలో లేదు, పంటలో ఉంది



ఈ మధ్య మన గుంపులో ఒకే మెసేజీ మూడు నాలుగు సార్లు తిరిగింది. కొత్త పిల్లలను పనిలో పెట్టుకుంటే యజమానికి నెలకు మూడు వేలు, చేరినవాడికి పదిహేను వేలు కేంద్రం ఇస్తుందని. దాని కింద చాలామంది "మనకు వస్తుందా?", "అర్జీ ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. మనలో చాలామందికి రాదు. మనం చిన్నవాళ్లం కావడం ఒక్కటే దానికి కారణం కాదు. పిల్లలకు పని నేర్పితే యజమానికి అయ్యే ఖర్చును ఈ పథకాలు జీతంలో వెతుకుతున్నాయి. మన వృత్తిలో ఆ ఖర్చు జీతంలో లేదు, చెడిపోయే పంటలో ఉంది. ఈ ఒక్క మాట మనకు స్పష్టంగా ఉంటే, రేపు ఇలాఖె వాళ్ల ముందు ఏం అడగాలో తెలుస్తుంది.

ముందు ఆ మెసేజీ సంగతి

అది అబద్ధం కాదు, సగం నిజం. పథకం పేరు ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 లోపల ఇచ్చిన ఉద్యోగాలకు వర్తిస్తుంది. దీనికి పెట్టిన మొత్తం 99,446 కోట్ల రూపాయలు. మొదటిసారి పి.ఎఫ్. ఖాతా తెరిచిన ఉద్యోగికి ఒక నెల జీతం, అదీ 15,000 దాటకుండా, రెండు వాయిదాలుగా ఇస్తారు. ఆరు నెలలు నిలిస్తే ఒకటి, పన్నెండు నెలలు నిలిస్తే ఇంకొకటి. యజమానికి కొత్తగా చేరిన ఒక్కో మనిషి మీద నెలకు 3,000 వరకు రెండేళ్లు ఇస్తారు. వస్తువులు తయారుచేసే ఫ్యాక్టరీలకు ఇంకో రెండేళ్లు ఎక్కువ. జీతం పది వేలకు ఇరవై వేలకు మధ్య ఉంటే 2,000 వస్తుంది. పది వేల లోపు అయితే 1,000 దాటదు.

షరతులు చూడండి. యజమాని పి.ఎఫ్.లో నమోదై ఉండాలి. యాభై మంది లోపు పనిచేసే చోట, ఇప్పుడున్నవాళ్లు కాక ఇంకో ఇద్దరిని తీసుకోవాలి. యాభై, ఆ పైన ఉన్న చోట ఐదుగురిని తీసుకోవాలి. వాళ్లు కనీసం ఆరు నెలలు ఉండాలి. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ఈ డబ్బు పనిలో పెట్టుకున్నందుకు ఇచ్చేది, పని నేర్పినందుకు కాదు.

నేర్పినందుకు ఇచ్చే పథకం వేరే ఉంది. జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం అంటారు, 2016లో పెట్టారు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఒక పిల్లవాడిని తీసుకుని పని నేర్పితే, అతనికి ఇచ్చే స్టైపెండులో నాలుగో వంతు, నెలకు 1,500 దాటకుండా, ప్రభుత్వం భరిస్తుంది. ఇప్పుడు ఆ వంతు నేరుగా పిల్లవాడి బ్యాంకు ఖాతాలోకే పోతుంది, అది మంచి మార్పు. ముప్పై మంది, ఆ పైన పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పకుండా తీసుకోవాలి. నలుగురి నుంచి ఇరవై తొమ్మిది మంది ఉన్న చోట ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురు కూడా లేనివాళ్లు లెక్కలోకే రారు.

మనం ఎక్కడ ఉన్నాం?

ఎకరంన్నర మల్బరీ, ఒక షెడ్డు, ఇంట్లో ఇద్దరు మనుషులు, నాలుగో జ్వరం లేచాక ఆకు కోతకు వచ్చే కూలీలు. మనలో ఎక్కువమంది రైతులు ఇంతే. పి.ఎఫ్. నంబరు ఎక్కడినుంచి తేవాలి? చాకీ కేంద్రంలో ముగ్గురో నలుగురో ఉంటారు. రీలింగులో ఆరు బేసిన్లు, పది బేసిన్లు నడిపేవాళ్ల దగ్గర నలుగురి కంటే ఎక్కువే ఉంటారు గానీ, వారానికి లెక్కచూసి కూలి ఇచ్చే పని అది. ఈ వారం వచ్చినవాడు వచ్చేవారం వస్తాడో లేదో తెలియదు. ఆటోమేటిక్ రీలింగు మెషీను పెట్టినవాళ్లు కొందరికి ఈ పథకాలు అందవచ్చు, వాళ్లు తప్పకుండా ప్రయత్నం చేయాలి.

ఇంకో పక్క చూడండి. నేను ఉండే చింతామణి పక్కనుంచి పిల్లలు నరసాపుర, వేమగల్ వైపు ఫ్యాక్టరీలకు పోతున్నారు. డెంకణికోట పక్కవాళ్లు హోసూరుకు పోతారు. పోవద్దని నేను అనను. నెల జీతం, పి.ఎఫ్., క్యాంటీను భోజనం ఉన్న చోటికి పిల్లలు పోవడం తప్పు కాదు. కానీ ఒక లెక్క ఉంది. పెద్ద ఫ్యాక్టరీకి పి.ఎఫ్. ఉంది, ఆఫీసులో కాగితాలు చూసేవాళ్లు ఉన్నారు, వందమందిని చేర్చుకుంటే ఐదుగురి షరతు తనంతట తానే తీరిపోతుంది. సర్కారు డబ్బు అక్కడికి సులువుగా పోతుంది. మన షెడ్డుకు, మన బేసినుకు రాదు. పిల్లలను పిలవడంలో మనకు, ఫ్యాక్టరీకి ముందునుంచే ఉన్న తేడాను ఈ పథకం ఇంకా పెంచుతోంది. మన పని నేర్చిన చేతులు ముసలివైపోతున్నాయి, కొత్త చేతులు రావడం లేదు అని మార్కెట్‌లో రోజూ మాట్లాడుకుంటున్నాం. అలా జరగడంలో ఈ తేడాకూ పాలు ఉంది.

మన పనిలో నేర్పడం అంటే ఏమిటి

ఆఫీసులో కూర్చున్నవాళ్లకు పట్టుపురుగు మేపడం అంటే ఆకు వేయడమే అనిపిస్తుంది. మనకు తెలుసు అది ఏమిటో. పురుగుకు ఐదు వయసులు, నాలుగు జ్వరాలు. చాకీలో 27, 28 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ కావాలి. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీలు, 70 నుంచి 75 శాతం తేమ చాలు. ఇంతవరకు కాగితం మీద రాసి ఇవ్వవచ్చు, గోడకు అంటించవచ్చు.

కాగితం మీద రానిది జ్వరం చూడటం. పురుగు తల ఎత్తి కదలకుండా ఉందా, ఒంటిమీద మెరుపు వచ్చిందా, ఆకు వదిలేసినవి ఎన్ని, ఇంకా తింటున్నవి ఎన్ని. అప్పుడు ఆకు ఆపి, పడక ఆరబెట్టి, సున్నం చల్లాలి. మళ్లీ దాదాపు అన్నీ లేచాకే ఆకు వేయాలి. తొందరపడి ముందు లేచినవాటికి వేస్తే పడక ఎచ్చుతగ్గులైపోతుంది. అలా వేసిన ఆకు ఫలితం పది రోజుల తర్వాత చంద్రికల మీద కనపడుతుంది, సగం పండినవి, సగం ఇంకా ఆకు అడిగేవి. అప్పటికి దిద్దుకునే దారి లేదు.

పాలరోగం, మనవైపు హాలుతొండె అంటాం, అది మొదటి రోజు ఒకటో రెండో పురుగుల్లోనే ఉంటుంది. చర్మం ఉబ్బి, మెరిసి, ఊరికే అటూ ఇటూ పాకే పురుగును చూసి తీసి, సున్నం బ్లీచింగు నీళ్లలో వేయాలి. కొత్త పిల్లవాడు దాన్ని చూడడు, చూసినా చేత్తో పిసికి పడకలోనే వేస్తాడు. ఆ పాలల్లోనే రోగం ఉంది కాబట్టి మిగతా పురుగులకు అంటుకుంటుంది.

బేసిను దగ్గర కూడా ఇంతే. గూడు ఎంతసేపు ఉడకాలి, పోగు ఎప్పుడు తెగింది, ఎన్ని గూళ్లు కలిపితే నూలు సమానంగా వస్తుంది, ఇవన్నీ వేళ్లకు తెలియాలి. మూడు రోజుల తరగతిలో తెలియవు. మైసూరులో కేంద్ర పట్టు పరిశోధన సంస్థ ఇచ్చే శిక్షణకు పోయి వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. అది మంచి శిక్షణే, అయితే అది చెప్పేది ఎందుకు చేయాలో. ఎప్పుడు చేయాలో అన్నది షెడ్డులోనే వస్తుంది. దానికి కనీసం రెండు మూడు పంటలు పడతాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం

250 గుడ్లు మేపుతున్నాం అనుకుందాం. నూరు గుడ్లకు 70 కిలోల లెక్కన 175 కిలోల గూళ్లు. కిలో 500 అనుకుంటే 87,500 రూపాయలు. ధరలు రోజూ గుంపులో వస్తాయి, మీరు మీ ధర పెట్టుకుని చూడండి.

ఈ పంటను ఇరవై ఏళ్ల పిల్లవాడి చేతికి ఇచ్చాం. మనం పక్కన ఉన్నాం, కానీ జ్వరం చూసే పని, ఆకు ఆపే పని అతనే చేశాడు. ఐదో వంతు పోయింది అనుకుందాం. 35 కిలోలు, అంటే 17,500. మిగిలిన 140 కిలోలు కూడా గూడు మెత్తగా ఉందని, మరకలు ఉన్నాయని కిలోకు 40 తక్కువకు పోయాయి. అది 5,600. మొత్తం 23,100 రూపాయలు ఒక్క పంటలో. ఇది అతనికి ఇచ్చే కూలి కాక.

సర్కారు ఇచ్చేది? అప్రెంటిస్ పథకంలో ఒక నెలకు ఎక్కువలో ఎక్కువ 1,500.

రీలర్ లెక్క కూడా చూద్దాం. కిలో నూలుకు ఏడు కిలోల గూళ్లు పట్టే చోట, నేర్చుకునేవాడి చేతిలో ఎనిమిది పడతాయి అనుకుందాం. కిలో నూలుకు ఒక కిలో గూళ్లు అదనం, అంటే 500 నష్టం. రోజుకు ఒక కిలో తీస్తే ఇరవై ఐదు రోజులకు 12,500. నూలు సన్నం లావు అయి ధర తగ్గేది వేరే.

అందుకే మనలో ఎవరూ కొత్తవాళ్లకు పని నేర్పడం లేదు. మనసు లేక కాదు. ఆకు కోయిస్తాం, బుట్టలు మోయిస్తాం, చెత్త తీయిస్తాం. పడక దగ్గరికి మాత్రం రానివ్వం. మూడేళ్లు పనిచేసినా ఆ పిల్లవాడు కూలివాడుగానే ఉంటాడు. తనకు ఇక్కడ ముందుకు పోయే దారి లేదని తెలుసుకుని ఫ్యాక్టరీ బస్సు ఎక్కుతాడు.

"మా నాయన నాకు నేర్పలేదా?"

ఈ మాట పెద్దవాళ్లు అంటారు. మా నాయన నాకు నేర్పాడు, ఆయనకు ఎవరు డబ్బిచ్చారు అని. నిజమే. కానీ అప్పుడు నేర్పినవాడు, నేర్చుకున్నవాడు ఒకే ఇంట్లో ఉన్నారు. ఒక పంట పోతే ఆ నష్టం ఇంట్లోనే పడింది, తర్వాత ఇరవై ఏళ్ల లాభం కూడా ఆ ఇంటికే వచ్చింది. ఇప్పుడు మన పిల్లలు డిగ్రీ చదివి బెంగళూరు పోయారు. నేర్చుకోవడానికి వచ్చేది వేరే ఇంటి పిల్లలు. మూడు పంటల నష్టం నేను పెట్టుకుని నేర్పితే, నాలుగో పంటకు పక్క ఊరి రైతు ఐదు వందలు ఎక్కువ ఇచ్చి పిలుచుకుంటాడు. ఆయనను తప్పు పట్టలేం, నేనైనా పిలుస్తాను. నష్టం ఒకరిది, లాభం అందరిది. ఇలాంటి చోటనే సర్కారు చెయ్యి వేయాలి. రోడ్డు, చెరువు కూడా అందుకే కదా సర్కారు కట్టేది.

సర్కారు మనకు ఏమీ ఇవ్వడం లేదని నేను అనడం లేదు. సిల్క్ సమగ్ర రెండో విడతకు 2021-22 నుంచి 2025-26 వరకు 4,679.86 కోట్లు పెట్టారు. అందులో మల్బరీ నాటడానికి, నీటి సౌకర్యానికి, షెడ్డుకు, చాకీ కేంద్రానికి, రీలింగు మెషీనుకు సహాయం ఉంది. మనలో చాలామంది షెడ్లు ఆ సహాయంతో లేచినవే. షెడ్డుకు సబ్సిడీ ఉంది, మెషీనుకు ఉంది. ఆ షెడ్డులో నిలబడి ఇంకొకరికి నేర్పే రైతుకు లేదు. పదేళ్ల తర్వాత షెడ్లు ఉంటాయి, జ్వరం చూసే కన్ను ఉండదు.

మన ఇంటి మచ్చ కూడా చెప్పుకోవాలి

నేర్పుతాం, డబ్బు ఇవ్వండి అని అడిగే ముందు ఒక సంగతి మనమే చెప్పాలి, లేకపోతే వేరేవాళ్లు చెబుతారు. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే సంస్థ మన దేశపు పట్టు పరిశ్రమలో వెట్టి చేసే పిల్లల మీద ఒక నివేదికే వేసింది. అందులో కర్ణాటక ఉంది, తమిళనాడు మగ్గాలు ఉన్నాయి, ఉత్తరాన వారణాసి ఉంది. తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి, ఆ అప్పు తీరేదాకా పిల్లలను వేడినీళ్ల బేసిన్ల దగ్గర నిలబెట్టిన కాలం అది. ఆ రోజుల్లో చాలా చోట్ల వినిపించిన మాట ఏమిటి? "పని నేర్చుకుంటున్నాడు". నేర్పడం అనే పేరు మీదనే ఆ అన్యాయం నడిచింది. వెట్టిని రద్దుచేసిన చట్టం 1976లోనే వచ్చినా అది నడిచింది.

ఇప్పుడు కాలం మారింది, 2016 సవరణ తర్వాత చట్టం కూడా గట్టిపడింది. అయినా నేర్పినందుకు డబ్బు వస్తుంది అంటే, నేర్పకుండా పని చేయించుకునేవాళ్లు పుడతారు. ఆరు నెలలు సబ్సిడీ తీసుకుని, ఆ పిల్లవాడిని పంపేసి, ఇంకొకడిని తెచ్చుకునేవాళ్లు పుడతారు. అందుకే తలలు లెక్కపెట్టి, నెలలు లెక్కపెట్టి ఇచ్చే డబ్బు మన వృత్తికి సరిపోదు అంటున్నాను.

మరి ఏం అడగాలి

నా ఆలోచన నాలుగు మాటల్లో.

ఒకటి, కలిసి నమోదు కావడం. ఒక్కో రైతుకు నలుగురు పనివాళ్లు ఉండరు, కానీ పదిమంది రైతులు, ఒక చాకీ కేంద్రం, ఇద్దరు రీలర్లు కలిస్తే ఉంటారు. ఇది కొత్త కోరిక కాదు. కొంతమంది యజమానులు తామే గానీ, ఆమోదం ఉన్న ఏజెన్సీ ద్వారా గానీ కలిసి అప్రెంటిస్‌లకు శిక్షణ ఇవ్వవచ్చని అప్రెంటిస్ చట్టం ఎనిమిదో సెక్షన్‌లోనే ఉంది. పట్టు రైతుల ఉత్పత్తిదారుల సంఘాలు ఉన్న చోట ఆ సంఘమే ఏజెన్సీ కావచ్చు. పిల్లవాడు రెండు నెలలు చాకీలో, నాలుగు నెలలు రైతు షెడ్డులో, ఆరు నెలలు బేసిను దగ్గర ఉంటే, ఏడాదికి మన పని మొత్తం చూసినవాడు అవుతాడు. ఒక్క ఫ్యాక్టరీలో కూడా ఇంత వెడల్పైన పని దొరకదు.

రెండు, డబ్బు నెలకు కాదు, పంటకు. నేర్చుకునేవాడు మేపిన మొదటి రెండు పంటల్లో వచ్చే తరుగులో సగం సర్కారు భరించాలి. తరుగు ఎంతో ఎలా తెలుస్తుంది అంటారా? దానికి కొత్త ఆఫీసరు అక్కరలేదు. మన గూళ్లు పోయేది సర్కారు మార్కెట్‌కు. శిడ్లఘట్టలో గానీ రామనగరలో గానీ లాటు తూకం, ధర, రైతు పేరు కంప్యూటరులో ఉంటాయి. అదే రైతు ముందు మూడు పంటల సగటు పక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. దొంగలెక్క రాయాలంటే తన గూళ్లు తానే తక్కువకు అమ్ముకోవాలి, ఆ పని ఎవరు చేస్తారు?

మూడు, ఆఖరి వాయిదా నేర్చుకున్నాక. మూడో పంట పిల్లవాడు తన చేత్తో మేపి, ఆ రైతు మామూలు దిగుబడికి దగ్గరగా తెస్తే, అప్పుడు నేర్పినవాళ్లకు ఒక మొత్తం, నేర్చుకున్నవాడికి ఒక మొత్తం, చేతికి ఒక సర్టిఫికెట్టు. ఆ సర్టిఫికెట్టు ఉన్నవాడు సొంతంగా షెడ్డు కడతాను, భూమి గుత్తకు తీసుకుంటాను అంటే సబ్సిడీలో అతనికి ముందు వరుస ఇవ్వాలి. భూమి లేని ఇళ్ల పిల్లలు మన పనిలో రైతులు అయ్యే దారి అది ఒక్కటే.

నాలుగు, మన మీద మనం పెట్టుకునే కట్టు. పదునెనిమిది నిండని పిల్లలు బేసిను దగ్గర వద్దు. తల్లిదండ్రులకు అడ్వాన్సు వద్దు. స్టైపెండు పిల్లవాడి ఖాతాకే, చేతికి కాదు. మానుకుంటాను అంటే ఆ రోజే మానుకునే స్వేచ్ఛ. ఈ నాలుగూ ఒప్పుకోని రైతును, రీలరును మనమే జాబితాలో పెట్టకూడదు. వేరేవాళ్లు వచ్చి తనిఖీ చేసేదాకా ఆగితే మనకే చెడ్డపేరు.

ఇది సర్కారుకు పెద్ద ఖర్చు కాదు. పైన వేసిన లెక్కలో పంటకు 23,100 పోయింది కదా, రెండు పంటలకు సగం భరిస్తే అదే 23,100 దాకా అవుతుంది. ఒక ఫ్యాక్టరీ నెలకు 3,000 చొప్పున రెండేళ్లు తీసుకుంటే ఒక్క మనిషి మీద 72,000. ఆ డబ్బులో మూడో వంతుతో ఒక పట్టు రైతు తయారవుతాడు. అతను రేపు ఇంకొకరికి నేర్పుతాడు.

మనం చేయగలిగింది

సర్కారు ఇచ్చేదాకా కూర్చోవాలని కాదు. పి.ఎఫ్. ఉన్న రీలర్లు, మెషీను యూనిట్లవాళ్లు ఇప్పుడున్న పథకాల్లో చేరండి, అది మీ హక్కు. మెసేజీల్లో వచ్చే లింకులు నొక్కి ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, ఈ పథకాల పేర్లు చెప్పి డబ్బు అడిగేవాళ్లు ఉంటారు. మీ ప్రశ్న రేష్మె ఇలాఖె ఆఫీసులో గానీ, పి.ఎఫ్. ఆఫీసులో గానీ అడగండి. మీకు లెక్కచూసే ఆడిటరు ఉంటే ఆయననూ అడగవచ్చు.

ఆంధ్రా సరిహద్దులో హిందూపురం, మదనపల్లె వైపు రైతులు కూడా ఈ గుంపులో ఉన్నారు. వాళ్ల గూళ్లు కూడా మన మార్కెట్లకు వస్తాయి, అప్రెంటిస్ చట్టం కేంద్రానిది కాబట్టి ఈ కోరిక రెండు పక్కలా ఒకటే. వేరేవేరేగా రాసే కంటే ఒకే మాట రాస్తే బరువు ఉంటుంది.

ఇప్పుడు మీ వంతు. మీ షెడ్డులో ఒక్క పిల్లవాడికో, ఒక్క ఆడపిల్లకో పడక దగ్గర నిలబెట్టి నేర్పడానికి సిద్ధమైనవాళ్లు మీ ఊరు, తాలూకు, ఎన్ని గుడ్లు మేపుతారో గుంపులో రాయండి. నా లెక్కలో తప్పు కనిపించినవాళ్లు మీ మూడు పంటల తూకాలు పెట్టి రాయండి. ఒక తాలూకులో పదిమంది దొరికితే అర్జీ రాయడానికి అది చాలు.